రాని చుట్టం దిగిన గది

పెళ్లి నిన్న సాయంత్రం అయింది. ఈ ఉదయం నుంచి పెళ్లికూతురు కనిపించడం లేదు.

హోటల్లో ఆ సంగతి తెలిసినవాళ్ళు నలుగురే. పిల్లను కన్న ఇద్దరు, కౌంటర్లో అమ్మాయి, సెక్యూరిటీ ఆఫీసరు. ఐదో మనిషి ఇప్పుడే గుమ్మంలో గొడుగు దులిపి లోపలికి వచ్చింది. ఆవిడ అసలు పేరు ఎవరికీ పట్టదు. అందరికీ ఆరా అక్కయ్యే. సంబంధం ఖాయం చేసుకునే ముందు పెళ్లికొడుకు నడవడి ఎలాంటిది, ఇదివరకు ఎక్కడైనా మనసు పారేసుకున్నాడా అని ఆరా తీసి చెప్పడం ఆవిడ వృత్తి. ఈ పెళ్లికొడుకును వడబోసి, పిల్లాడు మంచివాడే గాని గురక పెడతాడని తేల్చింది కూడా ఆవిడే. అందుకే పెళ్లికూతురి తండ్రి పోలీసులకు చెయ్యాల్సిన ఫోను ఆవిడకు చేశాడు.

మగపెళ్లివారికి పిల్లకు జ్వరమని చెప్పారు. సాయంత్రం వాళ్ళ బస్సు బయలుదేరుతుంది. కొత్త కోడలు అందులో ఉండాలి. తల్లి బాధ మాత్రం బస్సు గురించి కాదు. నగలు, ఫోను, చెప్పులు అన్నీ గదిలోనే ఉన్నాయి. కాళ్ళకు చెప్పులైనా లేకుండా పోయిన పిల్ల తనంతట తాను పోయి ఉంటుందా, ఎవరైనా ఏమైనా చేశారా అని ఆ ఇల్లాలు కొంగు నోట్లో కుక్కుకుని కుమిలిపోతోంది.

సెక్యూరిటీ ఆఫీసరు పోలీసు ఉద్యోగం చేసి రిటైరైనవాడు. ఒంటి మీది యూనిఫారం పోయినా గొంతులోది పోలేదు.

"రండి మేడం. పెళ్లికొడుకుల జాతకాలు విప్పేవారు, ఇప్పుడు పెళ్లికూతుళ్ళ దాకా వచ్చారన్నమాట."

"మీ కాపలా సరిగ్గా ఉంటే నాకీ వానలో ప్రయాణం తప్పేది ఆఫీసరు గారూ. కెమెరా చూపించండి."

చూపించాడు. తెల్లవారుజామున నాలుగో అంతస్తు వసారాలో పిల్ల ఒక్కతే నడుస్తోంది. చేతిలో ఏదో బట్టల మూట. నిద్రలో నడుస్తున్నట్టు లేదు, ఎవరో తరుముతున్నట్టూ లేదు. చిట్టచివరి గది దగ్గర ఆగి, కార్డు పెట్టి తలుపు తీసుకుని లోపలికి పోయింది. ఆ తర్వాత సప్లయరు వచ్చినప్పుడు తప్ప ఆ తలుపు తెరుచుకోలేదు. మొదట ఆ గదినుంచి కాఫీ అడిగారట. సప్లయరు ట్రే తెస్తే తలుపు జానెడు తెరుచుకుంది. చీకట్లోంచి ఒక ఆడ చెయ్యి వచ్చి ట్రే అందుకుంది. తలుపు మూసుకుంది. తర్వాత తువ్వాళ్ళూ అవీ తెచ్చినప్పుడూ అంతే.

భోజనాల ముందు తాను మారుతాళంతో ఆ గది తెరిచాననీ, లోపల ఈగ కూడా లేదనీ ఆఫీసరు చెప్పాడు. కిటికీలకు తెరుచుకోని అద్దాలు. అయితే ఉదయం ఒకసారి కరెంటు పోయి వచ్చింది, ఆ కాసేపూ కెమెరా గుడ్డిదే. పిల్ల ఆ సందులో జారుకుంది, బయట ఎవడో కాచుకుని ఉన్నాడు, ఇక ఇందులో తేల్చాల్సింది ఏముందని అతని వాదన.

"ఇంతకీ ఆ గదిలో దిగింది ఎవరు?" అంది ఆరా అక్కయ్య.

కౌంటర్ అమ్మాయి కంప్యూటరు వైపు చూసి, పెళ్లికూతురి మేనత్తగారని చెప్పింది.

"ఆవిడను పిలవండి మరి."

ఏడుస్తున్న తల్లి ఏడుపు ఆపి, కొంగు దించి, మెల్లిగా చెప్పింది. తన ఆడపడుచు ఇల్లు వదిలి ఇరవై ఏళ్ళు అవుతోంది. ఎవరినో చేసుకుంటానని అన్నతో గొడవపడి ఒక రాత్రి వెళ్ళిపోయింది. ఉందో పోయిందో కబురు లేదు. ఆమె ఎత్తుకుని తిప్పిన మేనకోడలే ఈ పెళ్లికూతురు. అత్త వస్తే ఉండటానికి ఒక గది ఉంచకపోతే పీటల మీద కూర్చోనని పంతం పట్టింది. పిల్ల నాయనమ్మ కూడా మనవరాలికి వంత పాడింది. అందుకని పేరు రాయించి గది ఉంచారు. అంతేగాని మనిషి రాలేదు.

"రాని మనిషి దిగినట్టు కంప్యూటర్లో ఎలా ఎక్కింది?"

అందరి కళ్ళూ పెళ్లికూతురి తండ్రి మీదికి తిరిగాయి.

*

ఆయన్ను ఆరా అక్కయ్య లాంజీలో ఒక మూల సోఫాలో కూర్చోబెట్టింది. మనిషి నిలువెత్తు మనిషే గాని, ఈ పూటకు తడిసిన బస్తాలా కుంగిపోయి ఉన్నాడు. మొదట నీళ్ళు నమిలాడు. తర్వాత, ఇది ఎంత చిన్న విషయమో చూడు చెల్లెమ్మా అంటూ మొదలుపెట్టాడు.

ఈ హోటళ్ళవాళ్ళకు మెంబర్‌షిప్పు ఒకటి ఉంది. దిగిన ప్రతి రాత్రికీ పాయింట్లు వేస్తారు. పెళ్లి చేసే ఆసామికైతే పండగే, తన చుట్టాలకు తీసిన గదులన్నిటి పాయింట్లూ ఆయన ఖాతాలోనే పడతాయి. అయితే ఒక మెలిక. గది మాట్లాడుకుంటే చాలదు, అందులో మనిషి దిగాలి. ఖాళీగా ఉన్న గదికి అద్దె కట్టించుకుంటారు గాని పాయింట్లు ఇవ్వరు. గదులన్నీ నిండితే ఆయనకు అన్నిటికన్నా పైమెట్టు సభ్యత్వం వస్తుంది. ఏ ఊళ్ళో ఆ కంపెనీ హోటలుంటే ఆ ఊళ్ళో రాజమర్యాద. అన్నీ నిండాయి, ఈ ఒక్కటి తప్ప. అందుకని చుట్టాలు దిగిన మొదటిరోజే అందరి తాళాలతోపాటు ఆ తాళం కూడా ఆయనే అడిగి తీసుకున్నాడు. మా చెల్లెలు వచ్చేసింది, ప్రయాణం బడలికతో కార్లోనే కూర్చుంది, నేనే పట్టుకెళ్తానన్నాడు. పెళ్లి హడావిడిలో కౌంటర్ అమ్మాయి మారు మాట్లాడకుండా దిగినట్టు నొక్కేసింది.

"ఆ పైన వాళ్ళ మర్యాదలు వాళ్ళు మొదలుపెట్టారు," అన్నాడు ఆయన, నవ్వబోయి నవ్వు రాక. పళ్ళబుట్ట పంపారట. గదిలో టీవీ పెడితే చెల్లెలి పేరు రాసి స్వాగతం అంటోందట. రాత్రి నిద్ర బాగా పట్టిందా అని గదికి ఫోను చేశారట. ఎవరూ ఎత్తకపోతే అలిసిపోయి ఉంటారని వాళ్ళే సర్దుకున్నారట.

ఆరా అక్కయ్య వింటూనే ఆయన చేతుల వైపు చూస్తోంది. కూతురు కనబడని తండ్రి చేతిలో ఫోను ఉండాలి. ఎప్పుడు మోగుతుందా అని దాని మొహమే చూస్తుండాలి. ఈయన ఫోను బల్ల మీద బోర్లా పడి ఉంది.

ఎందుకు ఆపేశారని అడిగితే చార్జింగు లేదన్నాడు.

ఆవిడ చెయ్యి చాచి ఫోను తీసుకుంది, అడగలేదు. మీట నొక్కింది. తెర వెలిగింది. చార్జింగు ముప్పాతిక పైనే ఉంది. ఆ వెనకే హోటలువాళ్ళ మెసేజీలు ఒకదాని మీద ఒకటి దిగాయి. మీ అతిథి కాఫీ తెప్పించుకున్నారు, మీ ఖాతాలో పాయింట్లు చేరాయి. మీ అతిథి అదనపు తువ్వాళ్ళు అడిగారు, మీ సేవలో మేము. మీ అతిథి జుట్టు ఆరబెట్టుకునే మిషను తెప్పించుకున్నారు, మాతో గడిపినందుకు ధన్యవాదాలు. ప్రతిదాని కింద చెల్లెలి పేరు.

కాఫీ మెసేజీ ఒక్కటే ముందే చదివి ఉంది. దాని తర్వాత ఫోను ఆపేశాడు.

"అన్నయ్యగారూ, పొద్దున మీ ఆవిడ పిల్ల కోసం వెతుకుతోంది. అప్పుడే ఆ గదిలో ఎవరో కాఫీ తాగుతున్నారని మీకు తెలిసింది. తాళం మీ జేబులోనే ఉంది. మీరు పైకి ఎందుకు పోలేదు?"

ఆయన ఫోను కోసం చెయ్యి చాచాడు. ఆవిడ ఇవ్వలేదు.

"కన్నతండ్రి అయితే కూతురు అక్కడుందేమోనని పరిగెత్తాలి. అన్న అయితే చెల్లెలు వచ్చిందేమోనని పరిగెత్తాలి. మీరు ఫోను ఆపేసి కూర్చున్నారు."

"మీకు అర్థం కాదు మేడం," అన్నాడు ఆయన.

చెల్లెమ్మ అన్న పిలుపు ఎక్కడ జారిపోయిందో ఆవిడ గమనించింది. మరేమీ అడక్కుండా లేచి లిఫ్టు వైపు నడిచింది.

*

నాలుగో అంతస్తులో ఆఫీసరు ఎదురుచూస్తున్నాడు. చేతిలో ఒక రిపోర్టు. పెళ్లికూతురు తన ఇష్టప్రకారమే హోటలు విడిచి వెళ్ళిందని, హోటలుకు బాధ్యత లేదని రాసుకొచ్చాడు. కింద ఆవిడ కూడా ఒక సంతకం పడేస్తే తల్లిదండ్రులు ఒప్పుకుంటారని చూస్తున్నాడు.

"దీని మీద సంతకం పడితే పిల్లను వెతికేవాడు ఉండడు," అంది ఆవిడ.

"పిల్ల పిల్ల అంటారేమిటి మేడం. పాతికేళ్ళ మనిషి. నా సర్వీసులో ఇలాంటివి కోకొల్లలు చూశాను."

"నేనూ చూశాను. లేచిపోయే పిల్ల నగలన్నా తీసుకుపోతుంది, చెప్పులన్నా వేసుకుంటుంది. తలుపు తీయండి."

తీశాడు. లోపల దీపం లేదు. టీవీ మాత్రం వెలుగుతోంది. దాని మీద మేనత్త పేరు, పేరు పక్కన పూలగుత్తి బొమ్మ, మీ రాక మాకు ఆనందం అన్న మాట. ఇరవై ఏళ్ళుగా ఎవరూ చూడని మనిషిని ఆ గది ఒక్కటే నమ్మకంగా పలకరిస్తున్నట్టుంది. ఆరా అక్కయ్య వెన్ను మీద ఎవరో చల్లటి వేలు పెట్టినట్టయింది. ఏసీ గాలి అనుకుని పవిట భుజం మీదికి లాక్కుంది.

మంచం మీద దుప్పటి సగం నలిగి ఉంది. ఒక పక్కకు ముడుచుకుని పడుకున్న ఆనవాలు. స్నానాల గదిలో నేల ఇంకా తడి. అద్దం ముందు పొడుగాటి వెంట్రుకలు రెండు. కాఫీ ట్రే బల్ల మీదే ఉంది. ఆవిడ దాని దగ్గర ఆగింది.

"సాసరు ఉంది. కప్పేది?"

ఆఫీసరు భుజాలు ఎగరేశాడు.

"పారిపోయే మనిషి కాఫీ కప్పు పట్టుకుని పారిపోతుందా ఆఫీసరు గారూ? నిండు కప్పుతో ఎవరూ దూరం పోరు. పక్కనున్న వాళ్ళకు ఇవ్వడానికి పోతారు."

తెరలు తప్పించింది. కదలని అద్దాలే. బట్టల బీరువా పక్కకు వంగి చూసింది. అక్కడ గోడ రంగులోనే కలిసిపోయిన తలుపు. కుటుంబాలు దిగితే రెండు గదులూ కలుపుకోవడానికి పెట్టిన తలుపది. ఇటు ఒక గడియ, అటు ఒక గడియ, రెండూ తీస్తేనే తెరుచుకుంటుంది. ఇటువైపు గడియ తీసే ఉంది.

అటువైపు గదిలో పెళ్లికూతురి నాయనమ్మ ఉందనీ, కూతురు వస్తే పక్కపక్కనే ఉంటామని ముసలావిడే అడిగి ఆ గది తీసుకుందనీ ఆఫీసరు చెప్పాడు. గుమ్మంలోనే నిలబడి ఆవిడను అడిగాడట కూడా. నా కూతురు వచ్చింది, తల ఆరబెట్టుకుంటోంది అందట. మతి చలించిన మనిషితో మాటలేమిటని వచ్చేశాడట.

"మతి ఆవిడకే ఉన్నట్టుంది," అంది ఆరా అక్కయ్య. తాను ఒక్కతే లోపలికి పోతాననీ, కాసేపు ఎవరినీ రానివ్వొద్దనీ చెప్పింది.

ఆఫీసరు మొహం కందగడ్డ అయింది. హోటలు తనది, తాళాలు తనవి, గుమ్మం దగ్గర కాపలా మాత్రం తనకు. బయటికి పోయాడు. పోయి నేరుగా లిఫ్టెక్కాడు, పిల్ల తండ్రిని తీసుకురావడానికి. ఆ సంగతి ఆవిడకు అప్పటికి తెలియదు.

ఆవిడ తలుపు మీద వేలితో కొట్టింది.

"తీసే ఉందమ్మా," అంది అవతలినుంచి ఒక ముసలి గొంతు. "దాని కోసం తీసే ఉంచాను."

*

ముసలావిడ దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆవిడ చేతిలో ఖాళీ కాఫీ కప్పు. స్నానాల గదిలోంచి గాలి మిషను హోరు వినబడుతోంది. అది టక్కున ఆగింది. తలుపు తెరుచుకుని ఒక ఆడమనిషి బయటికి వచ్చింది. విరబోసుకున్న జుట్టు, ఇరవై ఏళ్ళ కిందటి నేత చీర, వెలుతురు వెనక ఉండటం వల్ల మొహం చీకటి. ఎన్ని చూసిన ఆరా అక్కయ్య కూడా ఒక అడుగు వెనక్కి వేసింది.

"నేనే పిన్నీ," అంది పెళ్లికూతురు. "అమ్మను భయపెట్టాలని కాదు. నాన్న ఏం చేస్తాడో చూద్దామని."

కూర్చోబెట్టి నీళ్ళిస్తే ఒక్కొక్కటీ చెప్పింది. పెళ్లి ముందురోజు కౌంటర్ దగ్గరికి వెళ్ళి, మా అత్త పేరు చెప్పి ఎవరైనా వచ్చారా అని అడిగింది. మొన్ననే దిగారండీ అంది అక్కడి అమ్మాయి. పెళ్లికూతురు అడిగితే ఎవరు కాదంటారు, ఇంకో తాళం కూడా ఇచ్చింది. ఈ పిల్ల మెట్లెక్కి పరిగెత్తింది. లిఫ్టు వచ్చేదాకా ఆగలేకపోయింది. తలుపు తీస్తే గది గదిలాగే ఉంది, పళ్ళబుట్ట మీద కాగితం కూడా చించలేదు. తండ్రిని నిలదీస్తే పాయింట్ల సంగతి చెప్పి, ఇంతదానికి గోలెందుకమ్మా అని తల నిమిరాడు. పెళ్లి అయిపోయింది. అందరూ నవ్వుతుంటే ఈమె కూడా నవ్వింది. రాత్రి తల్లి పక్కన పడుకున్నాక నిద్ర పట్టలేదు.

తెల్లవారుజామున లేచి, నాయనమ్మ పెట్టెలో దాచుకున్న అత్త చీర తీసి, ఆ గదిలోకి వచ్చింది. నాయనమ్మ వైపు గడియ కూతురి కోసం ఆవిడే తీసి ఉంచింది. తల్లి వెతుక్కుంటూ నాయనమ్మ గదికి వస్తే పిల్ల అత్త గదిలోకి, ఆఫీసరు అత్త గదికి వస్తే నాయనమ్మ గదిలోకి జారుకుంది.

"మా ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా అత్తకు ఒక కుర్చీ వేయించేది నాన్నే పిన్నీ. నా చెల్లెలు వస్తుంది, కూర్చుంటుంది అంటాడు. ఎవరైనా అందులో కూర్చోబోతే కోప్పడతాడు. మేమంతా అది చూసి ఏడ్చేవాళ్ళం." పిల్ల చేతివేళ్ళు చీర అంచును నలుపుతున్నాయి. "అంత నమ్మకమున్న మనిషి, అత్త నిజంగా వస్తే కౌంటర్లో ఏమంటారని ఆలోచించడా? పేరు చెబితే, మీరు దిగేశారు కదండీ, మీ తాళం మీ అన్నగారు తీసుకుపోయారు అంటారు. ఇరవై ఏళ్ళకు గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగిపోతుంది. వస్తుందేమోనన్న ఆశ నలుసంత ఉన్నా ఆ గది ముట్టుకోడు. చుట్టాలు దిగిన మొదటిరోజే ముట్టుకున్నాడు. అత్త రాదని నాన్నకు ఎలా తెలుసు పిన్నీ?"

కింద సోఫాలో ఆరా అక్కయ్య నాలుక చివర ఆగిపోయిన ప్రశ్న కూడా అదే. కాఫీ మెసేజీ చదివి ఆయన పైకి ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసింది. ఆ గదిలో ఉన్నది కూతురేమోనన్న ఆలోచనే ఆయనకు తట్టలేదు. మెసేజీలో ఉన్న పేరే చదివాడు. చదివి, ఆ పేరుగల మనిషి ఇక ఎన్నటికీ కాఫీ అడగలేదని బాగా తెలిసినవాడు గనక, భయపడ్డాడు.

ఇరవై ఏళ్ళుగా ఆయన నోటితో చెప్పని మాటను, చెల్లెలు ఇక రాదన్న మాటను, పాయింట్ల మీద యావ చేత్తో చెప్పించింది.

"నువ్వు ఇక్కడ ఒంటరిగా ఉండటం మంచిది కాదు," అంది ఆవిడ, గొంతు తగ్గించి. "ముందు కిందికి, మీ అమ్మ దగ్గరికి పోదాం పద."

ఆలస్యమైంది. పక్క గది తాళం కీచుమంది. తలుపు తెరిచి ఎవరో లోపలికి వచ్చారు. అడుగులు టీవీ ముందు ఆగాయి. చాలాసేపు ఆగాయి. తర్వాత ఒక్కొక్కటిగా ఇటు కదిలాయి.

మధ్య తలుపులో పెళ్లికూతురి తండ్రి నిలబడ్డాడు. వెనక ఆఫీసరు, గెలిచినవాడి మొహం పెట్టుకుని. ఆ చీర, ఆ జుట్టు కనబడగానే తండ్రి రెండు చేతులూ ముందుకు చాచాడు, దగ్గరికి రమ్మనడానికి కాదు, రాకుండా ఆపడానికి. నోరు తెరిచి చెల్లెలి పేరు సగం పలికాడు. పిల్ల వెలుతురులోకి జరిగింది. కూతురని తెలిశాక కూడా ఆయన చేతులు దిగడానికి సమయం పట్టింది.

ఆఫీసరు మొహంలో గెలుపు మెల్లిగా ఆరిపోయింది. పాతికేళ్ళు పోలీసు పని చేసినవాడికి నేరం చేసిన మనిషి మొహం ఎలా ఉంటుందో ఎవరూ చెప్పనవసరం లేదు. చేతిలోని రిపోర్టు మడిచి జేబులో పెట్టుకుని, వెనక తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. ఆరా అక్కయ్య పిల్ల మణికట్టు పట్టుకుని తన వెనక్కి లాక్కుంది.

"మాటలన్నీ విన్నాన్రా," అంది మంచం మీది మనిషి.

అందరూ అటు తిరిగారు. ముసలావిడ కళ్ళు తేటగా ఉన్నాయి, ఎక్కడా తడి లేదు. "నా మనవరాలిని నేను పోల్చుకోలేననుకున్నారు. పొద్దున అది కప్పు అందించినప్పుడే తెలుసు. ఎందుకిలా చేస్తోందో తెలియక, అది చెప్పేదాకా కూతురు వచ్చిందనే అన్నాను."

ఆయన ఒక అడుగు ముందుకు వేసి, మంచం కోడు పట్టుకుని మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కొడుకు తల తన చేతికి అందేంత దగ్గరలో ఉన్నా ముసలావిడ ముట్టుకోలేదు.

"ఎందుకు చేశావని అడగను. అది తర్వాత వీళ్ళు అడుగుతారు. నాకు ఒక్కటి చెప్పు. ఎక్కడుందిరా అది?"

కింద ఎక్కడో మగపెళ్లివారి బస్సు హారను మోగింది. ఆయన కూతురి వైపు చూడలేదు. ఆఫీసరు వైపూ చూడలేదు. తల్లి పాదాల మీది దుప్పటిని చూస్తూ, చిన్నప్పుడు తప్పు చేసి దొరికిపోయినప్పటి గొంతుతో అన్నాడు.

"దూరం కాదమ్మా."